ఇంటి బీమాకు పన్ను తగ్గింపు అడిగిన మాస్టారు

మా పాత బ్రాంచిలో ఈ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారట. కొత్తగా చేరిన ఆఫీసరమ్మాయి ఒకతె మొన్న ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఆశ్రమ పాఠశాల స్టాఫ్‌రూముకెళ్ళి బల్ల గుద్ది మాట్లాడితే టీచర్లంతా లేచి నిలబడి సంతకాలు పెట్టేశారట కదా!" అని మురిసిపోయింది. బల్ల గుద్దిన మాట నిజమే. ఆ దెబ్బకి టీ గ్లాసు ఒరిగి హెడ్మాస్టారి పంట్లాం తడిసిన మాటా నిజమే. అంతకుమించి జరిగిందేమీ లేదు. ఒక్కరూ లేవలేదు. అందరూ కిటికీలోంచి కొండకేసి చూస్తూ కూర్చున్నారు, ఆ కొండని అంతకుముందెప్పుడూ చూడనట్టు. నేను వెళ్ళిన ఆటోలోనే వెనక్కి వచ్చేశాను.

కాబట్టి ధైర్యం కథ కావలసినవాళ్ళు ఇంకెక్కడైనా వెతుక్కోండి. ఇది భయం కథ. అందులో నా వాటా కూడా ఉంది. బ్యాంకుల్లో, బళ్ళలో కొత్తగా కుర్చీలెక్కిన మీబోటి పిల్లలు ఆ తప్పుడు కథ నమ్మి, బల్లలు గుద్దితే పనులవుతాయనుకుంటారేమోనని ఇది రాస్తున్నాను. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాను గనక, ఎవరి సంజాయిషీ మెమోకీ జవాబు రాసుకోనక్కర్లేదు గనక, ఉన్నదున్నట్టు చెప్పగలను.

నేను అరకు బ్రాంచిలో ఇళ్ళ రుణాలు చూసేదాన్ని. మాది కింద, శృంగవరపుకోట వైపు. పిల్లని విశాఖలో హాస్టల్లో పెట్టి, అరకులో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. ఇంటికి అప్పు తీసుకున్న ప్రతివాళ్ళ చేతా మా బ్యాంకు ఒక బీమా కట్టించేది. అప్పు తీరకముందే మనిషి పోతే మిగిలిన బాకీ బీమా కంపెనీ కడుతుంది, ఇల్లు ఇంట్లోవాళ్ళకి మిగులుతుంది. మంచి ఏర్పాటే. కాకపోతే ఆ ప్రీమియం చాలామందికి చేదుగా ఉండేది. బతికున్నవాడికి ఏమీ ఇవ్వని డబ్బు కదా.

లెక్కల మాస్టారు ఒకాయన ఆ ప్రీమియం సంగతి అడగడానికే మొదటిసారి నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఆశ్రమ పాఠశాలలో పనిచేసేవాడు. పైన కొండ మీద ఊరు ఆయనది. ఇక్కడ అరకు చివర చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అమ్మ వచ్చినప్పుడు మిరియాలు ఆరబోసుకోవడానికి చోటుండాలని వరండా గదుల కంటే పెద్దది వేయించాడు. ఆ ప్లాను చూసి మా ఇంజనీరు నవ్వితే, "గదులు మా కోసం సార్, వరండా మా అమ్మ కోసం" అన్నాడట.

"మేడమ్, ఇంటి అప్పు మీద కట్టిన ఈ బీమాకి ఇన్‌కమ్‌ట్యాక్సులో తగ్గింపు వస్తుందా?" అని అడిగాడు.

"వస్తుందనీ అనలేను, రాదనీ అనలేను," అన్నాను. "అది జీవిత బీమా లాంటిదే. దాన్ని చూపించుకోడానికి రిటర్ను ఫారంలో వేరే గది లేదు. మీ పెన్షన్ కోత, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు అసలు, ఇవన్నీ పడే గదిలోనే ఇదీ పడాలి. ఆ గదికి ఒక హద్దుంది. మీది ఎప్పుడో నిండిపోయింది. పైగా ఆ ప్రీమియం మీరు జేబులోంచి కట్టలేదు, అప్పులోనే కలిపేశాం. దాని మీద వాదన పెట్టుకోవడం దండగ."

"అంటే కట్టినా లాభం లేదంటారు."

"లాభం మీరు పోతే వస్తుంది మాస్టారూ."

నా నోరు అలాంటిది. ఆయన నవ్వాడు. పక్క కౌంటరు వాళ్ళు మాత్రం నవ్వలేదు.

సంత వీధిలో జిరాక్సు షాపు పెట్టుకున్న మనిషొకడుండేవాడు. అతనూ కింద నుంచి వచ్చినవాడే. ఫోన్ రీచార్జీలు, పాన్ కార్డులు, పన్ను రిటర్నులు అన్నీ ఆ ఒక్క బల్ల మీదే. టీచర్లు అతన్ని ట్యాక్స్ బాబు అనేవారు. మాస్టారు నా దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళాడు. "బ్యాంకు మేడమ్‌కి రూలు తెలీదు. ఇంటి బీమా తగ్గింపు నేను తెప్పిస్తాను. వచ్చిందాంట్లో నా వంతు నాకివ్వండి చాలు," అన్నాడట అతను.

వచ్చింది. నిజంగానే పన్ను డబ్బు తిరిగి ఖాతాలో పడింది. ఇంకేముంది, ఇంటి అప్పున్న టీచర్లంతా సంత రోజున ఆ షాపు ముందు వరసకట్టారు. ఒకళ్ళిద్దరు నా కౌంటరు దగ్గర ఆగి, "మీరు రాదన్నారు గదా మేడమ్, వచ్చింది సూడండి!" అని వెక్కిరించి మరీ వెళ్ళారు. నాకు తిక్కరేగింది. రూలు మారిందేమో, నేనే వెనకబడ్డానేమో అని పుస్తకాలన్నీ తిరగేశాను. ఏమీ మారలేదు. మరి ఎలా వచ్చిందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. వచ్చిన డబ్బుని ఎలా వచ్చావని అడిగేవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

వానాకాలంలో మాస్టారికి మలేరియా వచ్చింది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి అది కిడ్నీల దాకా పాకింది. అక్కడే పోయాడు.

ఆయన భార్య అంగన్‌వాడీలో పనిచేసేది. మరణ ధ్రువపత్రం పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంటే, బీమా కాగితాలు నేనే నింపాను. ఇల్లు మీకు మిగులుతుంది, భయపడకండి అని నేనే చెప్పాను. ఆ మాట ఎంతో నమ్మకంగా చెప్పాను.

బీమా కంపెనీ విచారణకి ఒక మనిషిని పంపింది. మర్యాదస్తుడు. టీ ఇస్తే వద్దన్నాడు, రుణం ఫైలు ఇస్తే ప్రతి పేజీ ఫొటో తీసుకున్నాడు. ప్రహరీ గోడ కోసం మాస్టారు ఇంకొంచెం అప్పు అడిగినప్పుడు ఆదాయం రుజువుకని ఇచ్చిన పన్ను రిటర్ను ఆ ఫైల్లోనే ఉంది. తరవాత ఉత్తరం వచ్చింది. తీవ్రమైన మూత్రపిండ వ్యాధి ఉన్న సంగతి దాచిపెట్టి బీమా తీసుకున్నందున పరిహారం ఇవ్వడం కుదరదని. రుజువేమిటంటే, బీమా తీసుకున్న ఏడాదికి ఆయన స్వయంగా దాఖలు చేసిన రిటర్నేనట. ఆసుపత్రి కాగితంలో కూడా కిడ్నీలు పనిచేయక చనిపోయినట్టు ఉండనే ఉంది. రెండూ కలిపి చూస్తే ఎవరైనా నమ్ముతారు. నేనైనా నమ్ముదును, ఆ మనిషి గొడుగూపుకుంటూ బడికి నడిచి వెళ్ళడం రోజూ చూసి ఉండకపోతే.

రిటర్ను తీసి చూశాను. ఇంటి బీమా ఊసే లేదు అందులో. దాని బదులు, పెద్ద జబ్బుల వైద్యం ఖర్చుకి తగ్గింపు అడిగే గదిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అని ఉంది. ట్యాక్స్ బాబు తెప్పించిన తగ్గింపు ఇదన్నమాట! ఇల్లు నిలబెట్టడానికి కట్టిన బీమా మీద తగ్గింపు కావాలని ఆశపడితే, ఆ తగ్గింపే వచ్చి బీమాని మింగేసింది.

నాకు అనుమానం వచ్చి బీరువాలో మిగతా టీచర్ల ఫైళ్ళు తీశాను. తెరిచిన ప్రతి ఫైల్లోనూ, పై అప్పులకని వాళ్ళిచ్చిన రిటర్నులో, అదే గది, అదే రోగం. ఒక బడి మొత్తానికి కిడ్నీలు పోయాయి, ఆ మనుషులంతా రోజూ పొద్దున్నే ప్రార్థనకి నిలబడి పాఠాలు చెప్తున్నారు! ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు రాలేదు. మాస్టారికి రోగం లేదని రుజువు చేయాలంటే, అందరికీ అదే అబద్ధం రాశాడని చూపించడమొక్కటే దారి. ఆ దారిలో నడవాల్సింది మాత్రం నేను కాదు, వాళ్ళు.

మేనేజరు నా మొహం చూసి, "తలుపెయ్యండి మేడమ్," అన్నాడు.

"సార్, ఇవి చూడండి..."

"చూడను. మీరూ చూడలేదు. వేరే ఖాతాదారుల కాగితాలు బయటికెళ్ళాయంటే ముందు మీ ఉద్యోగం పోతుంది, తరవాత నాది. వాళ్ళంతట వాళ్ళు వచ్చి రాసిస్తే సరే. లేకపోతే పద్ధతి ప్రకారం ఇంటికి నోటీసు వెళ్తుంది."

"నోటీసంటే ఆవిడ రోడ్డున పడుతుంది సార్."

"నాకు తెలీదా? నన్ను విలన్ని చెయ్యకండి," అన్నాడు. చేతిలో పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు. నిజానికి ఆయన దుర్మార్గుడు కాదు. భయపడ్డ మనిషి. ఆ రోజుల్లో మా చుట్టూ ఉన్నవాళ్ళంతా అదే రకం.

మాస్టారి భార్యకి చెప్పడానికి నేనే వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే, "మీరా మేడమ్! మల్లీ ఆ బాబేమో అనుకున్నాను," అంది.

"ఏ బాబు?"

"ఎవరో బండి మీద వచ్చినాడు. ఇంటి సుట్టూ తిరిగి, గోడ మీద ఇలగ కొట్టి సూసి ఎల్లిపోనాడు. ఏటి బాబు అంటే ఊరికే అన్నాడు. నిన్న కూడా వచ్చినాడు."

నాకు అర్థమైంది, ఇల్లు వేలానికొస్తే కొనడానికి చూసుకుంటున్నాడు. గిరిజనుల భూమి గిరిజనులే కొనాలని ఇక్కడ చట్టం. పేరు కొండ మీది మనిషిది, డబ్బు కింద నుంచి వచ్చినవాడిది అయిన కొనుగోళ్ళు ఈ ఊళ్ళో నేను చాలా చూశాను. వాలిన గద్ద కోడిపిల్ల కోసం కాదని ఎవరు నమ్ముతారు? ఆమెకి ఆ మాట చెప్పలేదు. ఉత్తరం సంగతి మాత్రం చెప్పాను.

"ఆయనకి రోగమేటి మేడమ్? నాకు తెలీకుండా రోగమా?" అంది. మళ్ళీ తనే, "ఇల్లు పోద్దా?" అంది.

ప్రతివాళ్ళకీ జవాబు తయారుగా ఉంచుకునే నోరు నాది. ఆ వేళ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని లేచి వచ్చేశాను.

ఆ తరవాతే స్టాఫ్‌రూముకి వెళ్ళాను. మీరు విన్న ఆ గొప్ప ఘట్టం ఇదే. నేను వెళ్ళేసరికే వాళ్ళ ఫోన్లకి పన్ను శాఖ నుంచి మెసేజీలు వచ్చి ఉన్నాయి, మీరు చూపిన తగ్గింపులు మరోసారి సరిచూసుకోండి అని. ఒకరు సిమ్ము మార్చేశారు. ఒకరు ఫోన్ మోగితే గదిలోంచి బయటికి వెళ్ళిపోతున్నారు. ఒక మాస్టారు నిద్ర పట్టడం లేదని బిళ్ళలు వేసుకుంటున్నాడు.

"ఆయనకి రాసినట్టే మీకూ రాశాడు కదా. ఆ ముక్క రాసివ్వండి. సరిదిద్దిన రిటర్ను వేసుకుంటే తిరిగి కట్టాల్సింది కాస్త ఎక్కువ కడతారు, అంతే," అన్నాను.

హెడ్మాస్టారు, "అంతేనా మేడమ్? మేం రాసిచ్చింది రేపు మా ఆఫీసుకెళ్తే? సస్పెన్షనొస్తే? పోలీసులొస్తే? ఏమీ కాదని మీరు రాసిస్తారా?" అన్నాడు.

నేనెలా రాసిస్తాను? నాకు తెలిసినంతలో ఏమీ కాదు. కానీ ఏమీ కాదని సంతకం పెట్టమంటే నా చెయ్యీ ఆగిపోయింది.

"ఒక్కడు నోరిప్పితే అందరం పోతామని ట్యాక్స్ బాబు ఎప్పుడో చెప్పినాడు," అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఆ బాబు చెప్పిందే కదా మీకు వేదం! కిడ్నీలు తీసుకుపోయినా అడగని మనుషులు మీరు!" అని అప్పుడు గుద్దాను బల్ల. టీ ఒలికింది. తరవాత సంగతి మీకు చెప్పాను.

ఆ వారమే ట్యాక్స్ బాబు నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఏ పనీ లేదు. డిపాజిట్ స్లిప్పు ఒకటి తీసుకుని మడతపెడుతూ, "అమ్మాయి హాస్టల్లో భోజనం బాగుంటోందా మేడమ్?" అన్నాడు.

నాకొక అమ్మాయి ఉందని అతనికి నేనెప్పుడూ చెప్పలేదు.

"బాగానే ఉంది," అన్నాను.

"ఆడపిల్లలు దూరంగా ఉన్నప్పుడు తల్లులకి మనశ్శాంతి ఉండాలి. లేనిపోనివి నెత్తినేసుకోకూడదు," అని నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. బెదిరింపు కాదు. ఎవరికి చెప్పినా, పాపం యోగక్షేమాలు అడిగాడు కదా అంటారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా బ్యాంకు వెనక్కి వెళ్ళి పిల్లకి ఫోన్ చేశాను. "క్లాసులో ఉన్నానమ్మా, ఏటైంది?" అని విసుక్కుంది. విసుక్కున్నందుకు ఎంత సంతోషించానో! ఆ రోజు నుంచి సంత వీధి వైపు వెళ్ళడం మానేశాను. కూరగాయలు ఇంటి ఓనరమ్మ చేత తెప్పించుకున్నాను. మీ ధైర్యవంతురాలైన మేడమ్ చేసిన పని ఇది.

అప్పుడు మాస్టారి భార్య వచ్చి, పైన ఊళ్ళో ఆయనకి, వాళ్ళలో కొన్ని నెలలు గడిచాక చేసే పెద్దదినం చేస్తున్నామని, నన్ను రమ్మని పిలిచింది. "మా అత్త మిమ్మల్ని తీసుకురమ్మంది," అంది. వెళ్ళాలని లేదు. ఇల్లు కాపాడలేనిదాన్ని వెళ్ళి ఏ మొహంతో భోజనం చేస్తాను? పైగా అంత్యక్రియలకి రాలేకపోయిన టీచర్లంతా ఆ రోజు వస్తున్నారట, నా మొహం చూస్తే వాళ్ళు మళ్ళీ కొండకేసి చూస్తారు. అయినా వెళ్ళాను. జీపు దిగాక కాఫీ తోటల మధ్య నడవాలి. పొద్దెక్కినా మంచు విడలేదు. వెనక ఆకులు చప్పుడైతే చాలు, ట్యాక్స్ బాబు మనిషేమోనని తిరిగి చూసేదాన్ని. ఆవు.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతుంది. పెద్దదినం నాడు భోజనాలకి ముందు, పోయినవాడి తల్లి చెంబుతో నీళ్ళు పట్టుకుని వరస వెంట నడుస్తుంది. ఒక్కొక్కరి ముందూ ఆగి, వాడికీ నీకూ మధ్య మాట ఏదైనా మిగిలిపోయిందా అని అడుగుతుంది. ఏమీ లేదంటే చేతిలో నీళ్ళు పోస్తుంది. ఉంటే అక్కడే, అందరూ వింటుండగా చెప్పుకోవాలి, అప్పుడు పోస్తుంది. నీళ్ళు పడిన చెయ్యే విస్తరి మీదికి వెళ్ళాలి. ఆ తరవాత పోయినవాడి గురించి ఎవరూ ఏ తగువూ ఎత్తకూడదు.

టీచర్లు వరసగా అడ్డాకు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నేను వెనకాల ఆడవాళ్ళలో కలిసిపోయి కూర్చున్నాను. బీమా కంపెనీ ఉత్తరాన్ని ఊళ్ళోవాళ్ళు ఎవరో ఆ ముసలమ్మకి చదివి వినిపించారని నాకప్పటికి తెలీదు.

ఆమె మొదటి మాస్టారి ముందు ఆగింది. మాట మిగిలిందా అని అడగలేదు.

"నా గుంటడికి కిడ్నీ రోగం ఉన్నాదంట. కాయితంలో రాసుందంట. నువ్వు రోజూ ఆడితో కూకుని బువ్వ తిన్నోడివి. నీకు తెలీదేటి బాబు?"

ఆయన తల దించుకుని, "లేదమ్మా, ఆయనకి ఏ రోగమూ లేదు," అన్నాడు.

"మరి కాయితంలోకి ఎలగొచ్చింది?"

ఆయన విస్తరి అంచు సరిచేసుకున్నాడు. ఆమె నీళ్ళు పొయ్యలేదు. పక్క మనిషి దగ్గరికి జరిగి మళ్ళీ అదే అడిగింది. లేదమ్మా. మరి ఎలగొచ్చింది? ఇంకొకరు. చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. వెనక పిల్లలు ఆకలికి గునుస్తుంటే తల్లులు నోళ్ళు మూస్తున్నారు. వీళ్ళలో ఎవరైనా తట్టుకోలేక, అవునమ్మా ఉండేది అనేస్తే? ఆ ఒక్క అబద్ధంతో అందరూ భోంచేసి కొండ దిగిపోవచ్చు. అంత తేలిక. ఊరంతా సాక్ష్యం. ఇల్లు ఆ మాటతోనే పోతుంది.

హెడ్మాస్టారి ముందు ఆమె కాసేపు నిలబడింది.

"నువ్వు పెద్దోడివి. నువ్వు సెప్పు. ఆడు వచ్చినప్పుడల్లా ఎండుసేపలు ఒండి పెట్టీదాన్ని. ఆడికి ఇట్టం. ఆ రోగమున్నోడికి ఉప్పు ఇసమంట గదా. నాకెవులూ సెప్పలేదు. నానే ఆడికి ఇసం పెట్టినానేటి?"

హెడ్మాస్టారు నోరు తెరిచాడు. ఏ మాట వస్తుందోనని నేను పక్కనున్న ఆడమనిషి చెయ్యి పట్టేసుకున్నాను, ఆవిడెవరో కూడా తెలీదు. "నేను... కొంచెం ఆలోచించుకోవాలమ్మా," అన్నాడాయన.

"ఆలోసించుకో బాబు," అని చెంబు పట్టుకుని ముందుకి జరిగింది.

తరవాత కూర్చున్నది తెలుగు టీచరమ్మ. ఆవిడా ఆ కొండల మనిషే. స్టాఫ్‌రూములో నేను అరిచినప్పుడు ఒక్క మాట అనలేదు. ముసలమ్మ ఇంకా అడగనేలేదు.

"అత్తా, ఆ రోగం నాకూ రాసినాడు," అంది.

ముసలమ్మ చెంబు కింద పెట్టేసి ఆవిడ నడుం మీద చెయ్యి వేసింది. "నీకూ ఉన్నాదేటి తల్లీ?"

"లేదత్తా. నాను బాగానే ఉన్నాను."

"బాగుంటే రోగమని ఎందుకు రాసినాడు?"

"రోగముంటే గవర్నమెంటోలు పన్ను తగ్గిత్తారు. ఇంటి బీమాకి తగ్గింపు తెస్తానని మాకు సెప్పి, ఇది రాసేసినాడు. డబ్బులొచ్చినాయి. ఎలగొచ్చినాయో మేం అడగలేదు."

"రోగమని రాస్తే డబ్బులిత్తారా?" ముసలమ్మకి అది ఎంతకీ అర్థం కాలేదు. నాకు అర్థమైందని మీరు అనుకుంటే అది మీ దయ. "అయితే సేపల వల్ల కాదా?"

"కాదత్తా. జొరం వల్ల. సేపల వల్ల కాదు."

ముసలమ్మ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆమె ఏడవలేదని తరవాత చెప్పారు. ఏడ్చి, లేచి, టీచరమ్మ చేతిలో నీళ్ళు పోసింది. అప్పుడు మొదటి మాస్టారు, "నాకూ రాశాడమ్మా," అన్నాడు. ఆమె వెనక్కి నడిచి వెళ్ళి ఆయన చేతిలో పోసింది. ఒకరి తరవాత ఒకరు. ఎవరూ లేచి నిలబడలేదు. విస్తళ్ళ ముందు కూర్చునే, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు మాట్లాడారు. అన్నీ అయ్యాక కూడా హెడ్మాస్టారి చెయ్యి పొడిగానే ఉంది. విస్తరి ముందు అలాగే కూర్చుని, అందరూ తిన్నాక అందరితో పాటే లేచాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు, అది మాత్రం నా జీవితంలో ఒక వింతే.

సోమవారం బ్యాంకు తలుపులు తీసేసరికి హెడ్మాస్టారు మెట్ల మీద ఉన్నాడు. రాసిన కాగితం నా ముందు పెట్టి, "మేడమ్, ఆ అమ్మ నాకు ఇంక నీళ్ళు పొయ్యదా?" అని అడిగాడు. నేనేం చెప్తాను? వెళ్ళి అడగమన్నాను. వెళ్ళాడనే విన్నాను.

ఆ తరవాతదంతా నెలల తరబడి తిరుగుళ్ళు. టీచర్లంతా ఆ ముక్క రాసిచ్చారు, రిటర్నులు సరిదిద్దుకున్నారు, తిన్నదానికి మించి కట్టారు. వాళ్ళ ఆఫీసు సంజాయిషీ అడిగింది, జైలుకెవరూ పోలేదు. బీమా కంపెనీ పై అధికారులు ఆ కాగితాలన్నీ చూసి, మొదట ఒప్పుకోక, మళ్ళీ అడిగితే మళ్ళీ చూసి, చివరికి బాకీ కట్టారు. బండి మీద వచ్చే మనిషి రావడం మానేశాడు. ట్యాక్స్ బాబు షాపు మూసుకుని ఇంకో సంతకి మారాడు. అక్కడ ఇప్పుడు ఎవరికి ఏ రోగం రాస్తున్నాడో నాకు తెలీదు. నా బదిలీ మాత్రం బేగి వచ్చేసింది, ఎందుకని నేనడగలేదు.

కథ చెప్పేవాళ్ళు ఇక్కడ ఆపేస్తారు. నేనూ ఆపేద్దును.

నేను బదిలీ మీద వెళ్ళకముందు, ఇంటి దస్తావేజులు తిరిగి తీసుకోవడానికి మాస్టారి భార్య వచ్చింది. సంతకాలయ్యాక లేవకుండా కూర్చుంది. "మేడమ్, ఒక సంగతి ఎవులికీ సెప్పలేదు," అంది. "జొరమొచ్చిన మొదట్లోనే ఆస్పత్రికి పదండన్నాను. ఆల్లు రక్తం తీస్తారు, కిడ్నీలు బాగున్నాయని రాసేస్తారు, అప్పుడు నాను దొరికిపోతాను అన్నాడు. ఫోనులో ఏదో మెసేజీ వచ్చింది. సూసి, ఫోను బియ్యం డబ్బాలో పెట్టేసినాడు. జొరంలో ఏదో పేలుతున్నాడనుకున్నాను. ఒల్లు తెలీకుండా పోయినాకే తీసుకెల్లినాం."

దస్తావేజుల కట్ట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను తరవాతి టోకెన్ పిలవడం మర్చిపోయాను.

పేలాడా, తెలిసే అన్నాడా, అది నేను అడగను. దానికి జవాబు ఇప్పుడెవరి దగ్గరా లేదు. నాకు కావలసింది వేరే. తప్పు రిటర్ను దిద్దుకోవచ్చు, దిద్దుకుంటే ప్రాణాల మీదికి రాదు, ఆ ముక్క చెప్పడానికి నాకు పట్టేది రెండు నిమిషాలు. బీమాకి తగ్గింపు వస్తుందా అని అడగడానికి ఆయన వచ్చిన కౌంటరు అదే, కుర్చీ అదే, కూర్చున్నదీ నేనే. మాస్టారూ, రెండోసారి అక్కడి దాకా రాకుండా మిమ్మల్ని ఆపిన భయం ఎవరిది? పన్ను వాళ్ళదా, ఆ బాబుదా, నా నోటిదా?